పచ్చిక మీద పేచీ

ఊరి తోటలు, ఉచిత వేదికలు – 4

1959 వసంతంలో న్యూయార్క్ నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ ఒక చిన్న నాటక సమాజానికి షరతు పెట్టాడు. సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ నాటకాలు ఆడుకోవచ్చు గానీ ఇకమీదట ఊరికే చూపించడానికి వీల్లేదు. మనిషికి డాలరో రెండు డాలర్లో టిక్కెట్టు పెట్టాలి, వసూలైన దాంట్లోంచి పార్కుకు వాటా కట్టాలి. జనం తొక్కిడికి పచ్చిక పాడైపోతోందనీ, నేల కోసుకుపోతోందనీ, దాన్ని బాగుచేయడానికి డబ్బు కావాలనీ కారణం చెప్పాడు. సమాజం నడుపుతున్న జోసెఫ్ పాప్‌కు అప్పుడు 37 ఏళ్లు. చేతిలో పైసా నిల్వ లేదు. అయినా ఒక్క డాలరు కూడా పెట్టనని తేల్చి చెప్పాడు.

పైకి చూస్తే మోజెస్ అడిగింది అన్యాయంగా కనిపించదు. పార్కు అందరిదీ, పాడైతే ఎవరో ఒకరు బాగుచేయాలి కదా. కానీ అడిగినవాడు మామూలు అధికారి కాదు. 1934 నుంచి నగరంలోని పార్కులన్నీ ఆయన చెప్పుచేతల్లోనే ఉన్నాయి. వంతెనలు, రహదారులు, ఈతకొలనులు, సముద్రతీర విహార స్థలాలు ఆయన కట్టించినవి కోకొల్లలు. ఏ ఎన్నికలోనూ గెలవకుండానే, పదవి మీద పదవి పోగేసుకుని అంతవాడయ్యాడు. మేయర్లు వచ్చారు, పోయారు, మోజెస్ మాత్రం కదల్లేదు. అప్పటి మేయర్ రాబర్ట్ వాగ్నర్‌కు ఉచిత నాటకాలంటే ఇష్టమే. అయినా తన కింద పనిచేసే కమిషనర్ మాటకు అడ్డు చెప్పలేకపోయాడు.

అంత పెద్ద మనిషితో ఒక్క డాలరు కోసం తగువు పడటం ఎందుకని అప్పట్లో పాప్‌ను చాలామంది అడిగే ఉంటారు. ఆ ఏడాది అమెరికాలో చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు ఒక డాలరు. అయిదుగురున్న ఇల్లు నాటకానికి కదలాలంటే అయిదు గంటల కష్టం టిక్కెట్ల గూట్లో పోయాల్సిందే. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాడు పాప్. ఈ లెక్క అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

అతని అసలు పేరు యోసెల్ పాపిరోఫ్‌స్కీ. 1921లో బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి ట్రంకుపెట్టెలు తయారు చేసేవాడు, తల్లి బట్టలు కుట్టేది. ఇంట్లో యిడ్డిష్ మాట్లాడుకునేవారు. షేక్‌స్పియర్ ఆ కుర్రవాడికి దొరికింది బడిలో, పబ్లిక్ లైబ్రరీలో. జూలియస్ సీజర్ నాటకంలో ఆంటొనీ ప్రసంగాన్ని బడిరోజుల్లోనే కంఠతా పట్టాడు. సంగీతం మాత్రం దొరికింది పార్కులో. ఎడ్విన్ ఫ్రాంకో గోల్డ్‌మన్ నడిపిన వాద్యబృందం వేసవి సాయంత్రాల్లో ప్రాస్పెక్ట్ పార్కుకు వచ్చి ఉచితంగా వాయించేది. దానికయ్యే ఖర్చును గనుల వ్యాపారంలో సంపన్నులైన గగ్గెన్‌హైమ్ కుటుంబం భరించేది.

1905లో సెంట్రల్ పార్కులో బ్యాంకరు ఎల్కన్ నామ్‌బర్గ్ మొదలుపెట్టిన ఉచిత కచేరీల గురించి గత సంచికలో చెప్పుకున్నాం. గోల్డ్‌మన్ బృందానిది కూడా ఆ దారే. ఇలాంటి దానాల మేలు ఎక్కడ తేలుతుందో దాతకు తెలిసే అవకాశం లేదు. గగ్గెన్‌హైమ్‌ల సొమ్ముకు ఎంతమంది చెవులు తెరుచుకున్నాయో ఎవరూ లెక్క రాయలేదు. వాళ్లలో ఒకడు మాత్రం పెద్దయ్యాక నాటకానికి కూడా ఆ మర్యాద దక్కి తీరాలని పట్టుబట్టాడు.

రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేస్తూ పాప్ తోటి నావికులతో వినోద ప్రదర్శనలు వేయించాడు. యుద్ధం ముగిశాక హాలీవుడ్‌లో యాక్టర్స్ ల్యాబ్ అనే సంస్థలో నటన, దర్శకత్వం నేర్చాడు. న్యూయార్క్ తిరిగొచ్చి సీబీఎస్ టెలివిజన్‌లో స్టేజ్ మేనేజరుగా చేరాడు. జీతం అక్కడ, ప్రాణం ఇక్కడ. 1954లో లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఒక చర్చిలో చోటు అడిగి తీసుకుని షేక్‌స్పియర్ వర్క్‌షాప్ పెట్టాడు. మూతపడిన ఒక పాత థియేటర్ నుంచి కుర్చీలూ దీపాలూ ఊడదీసి తెచ్చుకున్నారు. దాంతోపాటు పాప్ ఇంకో పని చేశాడు. లాభాపేక్ష లేని విద్యాసంస్థగా న్యూయార్క్ రాష్ట్రం నుంచి గుర్తింపు పత్రం సంపాదించాడు. ఉత్త కాగితమే అనిపిస్తుంది గానీ దాని వల్లే సమాజానికి చందా పుచ్చుకునే హక్కు వచ్చింది. ఆ తర్వాత జరిగిన కథంతా ఆ కాగితం మీద నడిచిందే.

1956 వేసవిలో నాటకాలు ఆరుబయటికి వచ్చాయి. ఈస్ట్ రివర్ పార్కులో నది ఒడ్డున పార్కుల శాఖ కట్టిన మెట్ల వేదిక ఒకటి ఉండేది. చుట్టుపక్కలంతా ఇరుకు అద్దె ఇళ్లు, కూలీనాలీ చేసుకునే కుటుంబాలు. ఆ వేదిక మీద మొదట ఆడింది జూలియస్ సీజర్. నటులకు జీతాల్లేవు. చూడవచ్చినవాళ్లలో చాలామందికి జీవితంలో అదే మొదటి నాటకం. మన పల్లెల్లో ఊరి పెద్దలు చందాలేసుకుని వీధి భాగవతం ఆడిస్తే ఊరంతా చాపలు పట్టుకుని వచ్చినట్టే, ఆ నది ఒడ్డుకు ఆ పేటంతా పిల్లాజెల్లాతో వచ్చి కూర్చుంది.

మనకూ ఆ నాటకంతో పాత బంధుత్వమే ఉంది. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను ‘సీజరు చరిత్రము’గా తెలుగు చేసింది 1876లో. షేక్‌స్పియర్ తెలుగులోకి రావడం దానితోనే మొదలైంది. ఏ దేశంలోనైనా ఈ నాటకం జనానికి ఇట్టే అందడానికి కారణం ఉంది. అందులో ముఖ్య పాత్ర జనమే. శవాన్ని ముందు పెట్టుకుని ఇద్దరు నాయకులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. వింటున్న గుంపు మొదట ఒకవైపు, పది నిమిషాల్లో రెండోవైపు ఒరిగిపోతుంది. బహిరంగ సభలు చూసిన వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పే పనిలేదు.

పాప్ నటులను బ్రిటిష్ యాస పలకనివ్వలేదు. ఎవరి నాలుక మీద ఏ ఇంగ్లీషు ఉందో ఆ ఇంగ్లీషులోనే పలకమన్నాడు. నల్లజాతి నటులకు సేవకుల వేషాలు తప్ప దక్కని కాలంలో వాళ్లను షేక్‌స్పియర్ పాత్రలకు తీసుకున్నాడు. తర్వాత గొప్ప పేరు తెచ్చుకున్న రాస్కో లీ బ్రౌన్ తొలిసారి వేదిక ఎక్కింది ఆ 1956 జూలియస్ సీజర్‌లోనే. అదే వేసవిలో ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’లో గయ్యాళి కేట్ వేషం కట్టిన కొలీన్ డ్యూహర్స్ట్‌ను పత్రికలు గుర్తించాయి. కానీ చేతిలో సొమ్ము అయిపోయింది. వేసవి మధ్యలోనే తెర దించేసే పరిస్థితి వచ్చింది. అప్పుడు బ్రాడ్‌వేలో ‘మై ఫెయిర్ లేడీ’ ఆడిస్తున్న నిర్మాత హెర్మన్ లెవిన్ 750 డాలర్ల చెక్కు పంపాడు. దానితో ఆ వేసవి గట్టెక్కింది. టిక్కెట్ల మీద బతికే బ్రాడ్‌వే నుంచి, టిక్కెట్టే లేని నాటకానికి వచ్చిన సొమ్ము అది.

మరుసటి ఏడాది పాప్ నాటకాన్నే జనం దగ్గరికి తీసుకెళ్లాలనుకున్నాడు. లారీ వెనక ట్రెయిలర్ మీద మడత విప్పితే వేదికయ్యే ఏర్పాటు చేయించి, నగరంలో బరోలనే అయిదు విభాగాల పార్కులకూ ‘రోమియో అండ్ జూలియట్’ను తిప్పాడు. సెంట్రల్ పార్కులో కొలను పక్కకు వచ్చేసరికి బండి మొరాయించిందనీ, అందుకే నాటకం అక్కడే నిలిచిపోయిందనీ ఒక కథ న్యూయార్క్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజం ఎంతో ఏమోగానీ 1957 తర్వాత సమాజం వేసవి మకాం మాత్రం సెంట్రల్ పార్కే.

1958 జూన్‌లో మరో దెబ్బ తగిలింది. అమెరికా ప్రతినిధుల సభ తరఫున కమ్యూనిస్టుల ఆచూకీ తీస్తున్న విచారణ కమిటీ పాప్‌ను పిలిపించింది. అతను అంతకుముందు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నవాడే. తోటివాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టలేదు, రాజ్యాంగం అయిదో సవరణ ఇచ్చిన రక్షణ కోరాడు. సీబీఎస్ ఉద్యోగం ఊడింది. యూనియన్ అతని పక్షాన నిలబడి మధ్యవర్తుల ముందుకు తీసుకెళ్లింది, ఉద్యోగం తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో అలా పోయిన కొలువు మళ్లీ దక్కడం చాలా అరుదు.

ఇదంతా మోజెస్‌కు తెలుసు. 1959లో పచ్చిక తగువు ముదిరాక పాప్ గతాన్ని తవ్విపోస్తూ రాసిన ఒక ఆకాశరామన్న ఉత్తరం మోజెస్ కార్యాలయం నుంచే పత్రికలకు చేరింది. తమాషా ఏమీ కాదిది. గడ్డి గురించి మొదలైన వాదన మనిషి నిజాయితీ మీదికి మళ్లిందంటే వాదనలో పస అయిపోయిందనే అర్థం. ఊళ్లోవాళ్లు కూడా అలాగే అనుకున్నారు. పత్రికలు పాప్ వైపు రాశాయి. అతను కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓడిపోయాడు. పై కోర్టు జూన్‌లో ఏకగ్రీవంగా అతని పక్షాన తీర్పు చెప్పింది. ఉచితంగా చూపిస్తామన్నవాళ్లను టిక్కెట్టు పెట్టి తీరమనడం సహేతుకం కాదన్నది దాని సారాంశం.

మోజెస్ పై అప్పీలుకు వెళ్లలేదు. కానీ కుర్చీలు వేయడానికీ నేల చదును చేయడానికీ 20,000 డాలర్లు కావాలని లెక్క చూపించాడు. నగర ఖజానా ఇవ్వలేదు. ఇద్దరు దాతలు ముందుకొచ్చి చెరో 10,000 ఇచ్చారు. వాళ్లలో ఒకరు ఫ్లోరెన్స్ ఆన్‌స్పాకర్, మరొకరు ప్రచార రంగంలో పేరుమోసిన ఎడ్వర్డ్ బెర్నేస్. ఆగస్టులో సెంట్రల్ పార్కులో మళ్లీ నాటకం లేచింది. ఈసారీ జూలియస్ సీజరే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. కోర్టు ఇచ్చింది హక్కు. ఆ హక్కును అనుభవంలోకి తెచ్చింది దాతల సొమ్ము. రెండింట్లో ఏది లేకపోయినా ఆ ఆగస్టులో దీపాలు వెలిగేవి కావు. ఉచితమంటే ఖర్చు లేనిదని ఎవరూ అనుకోకూడదు. చూసేవాడి బదులు ఇంకొకరు కట్టారన్నమాట. ఆ కట్టిన మనిషి వేదికకూ ప్రేక్షకుడికీ మధ్య వచ్చి నిలబడకుండా చూసుకోవడమే పాప్ జీవితమంతా చేసిన పని.

పక్కా వేదిక కోసం ప్రయత్నం ఆ గెలుపు తర్వాతే ఊపందుకుంది. నగరం కొంత డబ్బు కేటాయించింది, అది చాలలేదు. లోటు పూడ్చడానికి జార్జ్ డెలకోర్ట్ అనే ప్రచురణకర్త 1,50,000 డాలర్లు ఇచ్చాడు. 1921లో డెల్ పబ్లిషింగ్ స్థాపించి, అపరాధ పరిశోధన కథలు, కామిక్స్, చవక ధర పుస్తకాలు అమ్మి కోట్లు గడించిన మనిషి ఆయన. పార్కుల మీద ఆయనకు వల్లమాలిన మమకారం. 1959లో సెంట్రల్ పార్కులో పెట్టిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కంచు బొమ్మ ఆయన భార్య జ్ఞాపకార్థం ఇచ్చినది. పుట్టగొడుగు మీద కూర్చున్న ఆ ఆలిస్ మీదికి పిల్లలు ఎక్కి దిగుతూనే ఉంటారు, ఎక్కాలనే దాన్ని అలా చేయించారు. గంట కొట్టినప్పుడల్లా జంతువుల బొమ్మలు గుండ్రంగా తిరిగే సంగీత గడియారం కూడా ఆయన ఇచ్చిందే.

డెలకోర్ట్ థియేటర్ 1962 జూన్‌లో తెరుచుకుంది. పైకప్పు లేదు. సగం వలయంలా మెట్లు మెట్లుగా ఆసనాలు, ఎదురుగా వేదిక, వేదిక వెనక తాబేళ్ల చెరువు, చెరువు అవతల రాతిగుట్ట మీద బెల్వడేర్ కోట. పట్టపగటి వెలుతురు పూర్తిగా పోకముందే నాటకం మొదలవుతుంది. మొదటి అంకం నడుస్తుండగా ఆకాశం రంగు మారుతూ ఉంటుంది. విరామం వేళకు చీకటి పడి దీపాల పని మొదలవుతుంది. పైన విమానం పోతే నటుడు గొంతు పెంచాలి, లేదా అది దాటేదాకా ఆగాలి. రకూన్లనే అడవి జంతువులు పొదల్లోంచి వచ్చి వేదిక దాటి పోతుంటాయి. వాన పడితే ఆట ఆగిపోతుంది. ఇక్కడ నటించినవాళ్లలో చాలామంది ఈ ఇబ్బందులను ఇష్టంగానే చెప్పుకున్నారు.

తొలి నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’. అందులో పగబట్టిన యూదు వడ్డీ వ్యాపారి షైలాక్‌గా జార్జ్ సి. స్కాట్. దాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేయబోతుంటే న్యూయార్క్ యూదు మతాచార్యుల మండలి అభ్యంతరం చెప్పింది. తానే యూదుడైన పాప్ వెనక్కి తగ్గలేదు. ఆ నాటకంలో మొరాకో రాజుగా వేసిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ రెండేళ్లకు అదే వేదిక మీద ఒథెల్లో అయ్యాడు, 1973లో కింగ్ లియర్ అయ్యాడు. 1976లో ‘మెజర్ ఫర్ మెజర్’లో నటించిన మెరిల్ స్ట్రీప్ అప్పుడే నాటక విద్యాలయం నుంచి వచ్చిన అమ్మాయి.

వేదిక కట్టడం ఒక ఎత్తు, ఏటా వేసవిలో నడపడం ఇంకో ఎత్తు. నటులకు జీతాలివ్వాలి, దుస్తులు, దీపాలు, కాపలా అన్నిటికీ ఖర్చే. పాప్ నగరాన్ని అడిగేవాడు, రాష్ట్రాన్ని అడిగేవాడు, ఫౌండేషన్ల గడప తొక్కేవాడు. పబ్లిషర్స్ క్లియరింగ్ హౌస్ స్థాపకుల్లో ఒకరైన లూఎస్తర్ మెర్ట్జ్ ఏళ్ల తరబడి ఆదుకున్నారు. 1971లో పార్కులో ఉచితంగా ఆడిన ‘టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా’ సంగీత నాటకం బ్రాడ్‌వేకి చేరింది కూడా ఆమె సాయంతోనే. అది మరుసటి ఏడాది ఉత్తమ సంగీత నాటకంగా టోనీ అవార్డు కొట్టింది.

అన్నిటికన్నా పెద్ద ఆసరా అనుకోని చోటు నుంచి వచ్చింది. పాప్ 1967లో పాత ఆస్టర్ లైబ్రరీ భవనంలో పబ్లిక్ థియేటర్ తెరిచాడు. అక్కడ 1975లో పుట్టిన ‘ఎ కోరస్ లైన్’ బ్రాడ్‌వేకి వెళ్లి 1990 దాకా 6,137 ప్రదర్శనలు ఆడింది. వెనక వరుసలో గెంతే డ్యాన్సర్ల ఉద్యోగ వేటే దాని కథ. ఆ రాబడి పాప్ సంస్థకు వచ్చి, పార్కులో ఉచిత నాటకానికి దన్నైంది. నగర ఖజానా దివాలా అంచుకు చేరిన రోజులవి. బ్రాడ్‌వేలో టిక్కెట్టు కొన్నవాడు తనకు తెలియకుండానే పార్కులో ఊరికే చూసేవాడికి దాత అయ్యాడు.

పాప్ ప్రతి డబ్బుకూ చేయి చాచలేదన్నది కూడా చెప్పాలి. 1990లో కేంద్ర కళా నిధి అయిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద ఆర్ట్స్, అశ్లీలం ప్రదర్శించబోమని సంతకం పెట్టిన వాళ్లకే గ్రాంటు అంది. అతను సంతకం పెట్టలేదు, గ్రాంటు వదులుకున్నాడు. మరుసటి ఏడాది అక్టోబరు 31న కన్నుమూశాడు.

షరతుల బెడద ఆయనతో పోలేదు. 2017 వేసవిలో దర్శకుడు ఆస్కర్ యూస్టిస్ డెలకోర్ట్‌లో జూలియస్ సీజర్ వేస్తూ సీజర్‌ను అప్పటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌ను తలపించేలా కోటూ పొడవాటి టైతో చూపించాడు. హత్య ఘట్టం మీద గగ్గోలు రేగింది. డెల్టా ఎయిర్‌లైన్స్ తన సాయం ఆపేసింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఆ ఒక్క నాటకం నుంచి తప్పుకుంది. నిరసనకారులు వేదిక మీదికే ఎక్కారు. నాటకం మాత్రం అనుకున్న తేదీ దాకా ఆడింది. ఒక దాత తప్పుకున్నంత మాత్రాన దీపాలు ఆరిపోకూడదంటే దాతలు పలువురు ఉండాలి. ఒకే పెద్ద చెక్కు కన్నా వంద చిన్న చెక్కులు మేలని పార్కు వేదికలు నడిపేవాళ్లు కోరుకునేది ఇందుకే.

ఇక ఉచిత టిక్కెట్ల కోసం కట్టే క్యూ సంగతి. తెల్లవారుజామునే పార్కు పక్కన వరుస మొదలవుతుంది. దుప్పట్లు పరుచుకుని, పుస్తకాలు చదువుకుంటూ, పరిచయం లేనివాళ్లతో ఫలహారం పంచుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. మనిషికి రెండు టిక్కెట్లు. ఈ వరుసలోకి కూడా డబ్బు దూరకపోలేదు. 2010లో ఆల్ పచీనో షైలాక్‌గా వేసినప్పుడు, కొందరు తమ బదులు వరుసలో నిలబడటానికి కూలికి మనుషుల్ని పెట్టుకున్నారు. అలా నిలబడి తెచ్చిన ఒక్కో టిక్కెట్టుకు వంద డాలర్లకు పైనే అడిగారు. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఈ అమ్మకాల మీద కన్నెర్ర చేయాల్సి వచ్చింది. ఇంకోవైపు, పెద్ద మొత్తం చందా ఇచ్చిన వాళ్లకు క్యూ లేకుండా ఆసనం కేటాయించే పద్ధతిని సంస్థే పెట్టుకుంది. ఖర్చు గడవాలి కాబట్టి అన్నారు. గడవాలన్నది నిజమే, అయినా ఆ కేటాయింపు ఆసనాల వరుస పెరిగిన కొద్దీ 1959 నాటి తీర్పు అరిగిపోతుందన్నదీ అంతే నిజం. కోర్టులో మోజెస్‌కు దక్కనిది చందా రశీదు రూపంలో మెల్లగా వచ్చి కూర్చోకుండా నగరవాసులే కాపలా కాయాలి.

2013లో పబ్లిక్ వర్క్స్ పేరుతో మొదలైన ప్రయత్నం ఈ దిగులుకు కొంత విరుగుడు. ఆ ఏడాది ‘టెంపెస్ట్’లో వృత్తి నటుల పక్కన సుమారు 200 మంది మామూలు నగరవాసులు, పిల్లలు, ముసలివాళ్లు వేషాలు కట్టారు. చూడటమే కాదు, ఆడటం కూడా ఉచితమైంది.

అరవై ఏళ్ల ఎండావానలకు డెలకోర్ట్ కట్టడం శిథిలమైంది. 2023 వేసవి తర్వాత మూసేసి, నగర నిధులూ చందాలూ కలిపి 8.5 కోట్ల డాలర్ల ఖర్చుతో బాగుచేశారు. నగర మేడల మీద నీళ్లు నిలవుంచిన పాత చెక్క ట్యాంకులు విప్పి ఆ రెడ్‌వుడ్ పలకలతోనే బయటి గోడ కట్టారు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు, నటులకు కూడా దారులు సరిచేశారు. 2025 ఆగస్టులో ‘ట్వెల్త్ నైట్’తో మళ్లీ తెరిచారు. దర్శకుడు సహీమ్ అలీ కెన్యాలో పుట్టినవాడు. ఓడ మునిగి విడిపోయిన కవలలుగా వేసింది లుపిటా న్యోంగో, ఆమె సొంత తమ్ముడు జూనియర్ న్యోంగో. నాటకంలో ఆ అక్కాతమ్ముళ్లు స్వాహిలీలో కూడా మాట్లాడుకున్నారు. టిక్కెట్టు ఎప్పటిలాగే ఉచితం.

(వచ్చే సంచికలో: 1935 జూలైలో చికాగో గ్రాంట్ పార్కు. పనుల్లేక పస్తులున్న వాద్యకారుల కోసం యూనియన్ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో మొదలుపెట్టించిన ఉచిత కచేరీలు.)